రేవు వదిలిన వెంకటనరసమ్మ

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధిలో, అల్లుడు గోపీచంద్ కట్టించిన డాబా ఇంట్లో ఉంటోంది వెంకటనరసమ్మ. వయసు డెబ్బైకి దగ్గర పడింది. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. అయినా పొద్దున్నే కాఫీ తాగి, చెంగు బొడ్లో దోపుకుని, వీధి చివర టీ బడ్డీ దాకా నడిచి వెళ్ళడం మాత్రం ఆవిడ మానలేదు. చుట్టుపక్కల రైసు మిల్లుల్లో బస్తాలెత్తుకున్న లారీలు ఆ బడ్డీ దగ్గరే ఆగుతాయి. డ్రైవర్లు టీ తాగి, పట్టా తాళ్ళు ఒకసారి బిగించుకుని బయలుదేరతారు.

"ఎక్కడికండీ బాబూ, కాకినాడేనా?" అని అడుగుతుంది ఆవిడ.

"ఆయ్, పోర్టుకేనండీ మామ్మగారూ."

"యాంకరేజికా, డీప్ వాటరుకా?"

కొత్త డ్రైవరైతే ఈ ముసలావిడకి ఈ సంగతులెలా తెలుసా అని తెల్లబోతాడు. పాతవాడైతే నవ్వి చెబుతాడు. యాంకరేజికి అంటే ఆవిడ ముఖం విప్పారుతుంది. అది పాత రేవు. అక్కడ నీళ్ళు లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని నిలబడితే, ఇనప బార్జీలు బస్తాలు మోసుకెళ్ళి అందించాలి. అందుకు మనుషులు కావాలి. డీప్ వాటరు రేవులో ఓడ తిన్నగా వచ్చి గట్టుకే ఆనుకుంటుంది. అక్కడ యంత్రాలదే రాజ్యం.

లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడి, అప్పుడు ఇంటి ముఖం పడుతుంది.

"రోజూ ఆ లారీలని సాగనంపకపోతే ఏమమ్మా? అందులో నీ చుట్టాలేమైనా ఎక్కారా?" అంటుంది కూతురు శ్రీదుర్గ.

"ఎక్కలేదే. నేనూ ఎక్కలేదు" అంటుంది వెంకటనరసమ్మ.

తల్లికి ఈ ఇంట్లో ఏ లోటూ లేదు. అల్లుడు పల్లెత్తు మాట అనడు, ఎప్పుడూ "అత్తయ్యగారూ" అనే. మనవరాలు హారిక కాలేజీ నుంచి రాగానే అమ్మమ్మ పక్కనే చేరుతుంది. అయినా ఆవిడ మనసు ఈ ఇంట్లో లేదన్న సంగతి అందరికీ తెలుసు.

*

వెంకటనరసమ్మ పుట్టింది కొల్లేటి మధ్యలో ఒక లంకలో. గుమ్మం దిగితే నీళ్ళు. బడికి వెళ్ళాలన్నా, చింతపండు కొనుక్కోవాలన్నా తాటి దోనె ఎక్కాల్సిందే. నడక నేర్చిన కొద్ది రోజులకే గడ వెయ్యడం నేర్చింది. తండ్రి వల విసిరితే తను దోనెను కదలకుండా నిలబెట్టేది. శీతకాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి కిక్కిస గడ్డి మీద వాలితే, వాటి అరుపులకి ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు.

పక్క లంకలోని రామకోటికిచ్చి పెళ్ళి చేశారు. మాట తక్కువ మనిషి. నీళ్ళలో చేప ఎటు తిరుగుతోందో పైన కదిలే బుడగని బట్టి చెప్పేవాడు. వాళ్ళ కాపురం కుదురుకుంటుండగానే కొల్లేట్లో చెరువులు తవ్వడం మొదలైంది. నిన్నటిదాకా ఎవరైనా వల వేసుకున్న నీళ్ళ చుట్టూ గట్లు లేచాయి. గట్టు వేసినవాడిది చెరువు. లోపల ఉన్న చేప కూడా వాడిదే. రామకోటి కొన్నాళ్ళు ఆ చెరువుల మీదే కాపలా కాశాడు. ఒకరోజు పొద్దున్నే భార్యతో అన్నాడు.

"కాకినాడ పోదాం నరసా. మా మేనమామ బార్జీ మీద కళాసీగా చేస్తన్నాడు. నన్నూ పెట్టిస్తానన్నాడు."

"సముద్రమా మావా? నాకు భయం."

"సముద్రానికి ఎవడూ గట్టు వెయ్యలేడు కదే."

అలా వెళ్ళారు. జగన్నాథపురంలో ఉప్పుటేరు ఒడ్డున తాటాకు పాక వేసుకున్నారు. రామకోటి బార్జీ ఎక్కాడు. వెంకటనరసమ్మ జెట్టీ మీద చిరిగిన బస్తాలు కుట్టే పనిలో చేరింది. హమాలీలు కొక్కేలతో లాగేటప్పుడు బస్తాలు చిరుగుతాయి. చిరిగిన బస్తా ఓడలో వాళ్ళు తీసుకోరు. అందుకని బార్జీలోకి ఎక్కించే ముందే ఆడవాళ్ళు దబ్బనం, పురికొస పట్టుకుని వాటిని కుట్టాలి, కింద ఒలికిన బియ్యం ఊడ్చి ఎత్తాలి.

మొదటి ఏడాదంతా ఆమె ఏడుస్తూనే ఉంది. ఉప్పు గాలి ఒంటికి అంటుకుపోతుంటే చిరాకు. మంచినీళ్ళు నోట్లో పోసుకుంటే కొల్లేటి నీళ్ళ రుచి గుర్తొచ్చేది. పక్కన కూర్చుని కుట్టే ఏంజెల్ అనే పిల్ల నవ్వేది. "మళ్ళీ కొల్లేరు పొంగిందేమే నీ కళ్ళల్లో?" అని. ఏంజెల్ ఆ రేవులోనే పుట్టి పెరిగింది. ఎంత గాలిలోనైనా దబ్బనం కన్నంలోకి ఒక్కసారికే పురి ఎక్కించేది. వెంకటనరసమ్మకి పని నేర్పింది ఆమే. కొన్నాళ్ళకి ఇద్దరూ ఒకే క్యారేజీలో అన్నం తినేదాకా వచ్చారు.

*

ఆ రోజుల్లో బార్జీ మగవాళ్ళకి సంఘం ఉండేది. దానికి పెద్ద దేవదానం. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. బార్జీకీ ఓడకీ మధ్య నలిగిపోయాయి. సాయంత్రం పని దిగాక సంఘం పెంకుటింటి అరుగు మీద కూర్చుని పాత సంగతులు చెప్పేవాడు. వెంకటనరసమ్మ భర్త కోసం ఎదురుచూస్తూ గోడవారగా నిలబడి వినేది.

"మా నాన్న కాలంలో ఇవి తెరచాప నావలు" అనేవాడు దేవదానం. "పొద్దున్నే గేటు ముందర నిలబడాలి. మేస్త్రీ వచ్చి గొర్రెల్ని ఏరినట్టు ఏరుకునేవోడు. నువ్వు రా, నువ్వు పో. మేస్త్రీ ఇంట్లో పెళ్ళికి పందిరెయ్యనోడికి ఆ నెలంతా పని లేదు. ఇక్కడే కాదు, లండన్ రేవులోనూ అంతేనంట. బొంబాయిలో, కలకత్తాలో ఓడెక్కాలంటే ముందు కూలీల్ని కుదిర్చే దళారీ సారంగు చెయ్యి తడపాలి. ఎక్కడికక్కడ మనలాంటోళ్ళు ఒకటై, పని మేస్త్రీ ఇష్టం కాదు, వంతు ప్రకారం ఇవ్వాలి అన్నారు. ఎన్ని దెబ్బలు తిన్నారో, ఎంతమంది జైళ్ళకి పోయారో! విశాఖపట్నంలో డాక్ లేబర్ బోర్డు అలా వచ్చింది. ఇక్కడ బోర్డు లేదు. మనకున్నది ఈ సంఘం, ఈ వంతు. ఇది పోయిందా, మళ్ళీ గొర్రెలమే."

వంతు అంటే వరస. ఏ జట్టు నిన్న పనికి వెళ్ళిందో ఈరోజు దాని తర్వాతి జట్టు వెళ్ళాలి. ముఖం చూసి పిలవడం లేదు. మగవాళ్ళకి ఆ వరస వచ్చింది. ఆడవాళ్ళకి మాత్రం ఇంకా తాతారావు మేస్త్రీయే దిక్కు. అతను పొద్దున్నే జెట్టీ గేటు దగ్గర నిలబడి చిటికెన వేలితో చూపించి పిలిచేవాడు.

ఒక ఎండాకాలం, మణి అనే నిండు చూలాలు బస్తాల మధ్య కళ్ళు తిరిగి పడిపోయింది. ఏంజెల్, వెంకటనరసమ్మ ఆమెని నీడకి మోసుకెళ్ళి ముఖం మీద నీళ్ళు చల్లారు. మర్నాడు తాతారావు మణిని గేటులోంచే వెనక్కి పంపేశాడు. ఆమె చోట్లో ఇంకొకామెని పెట్టుకున్నాడు. అడిగితే, "ఇది ఆసుపత్రి కాదమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం వెంకటనరసమ్మ గోడవార నిలబడలేదు. ఏంజెల్‌నీ ఇంకో పదిమంది ఆడవాళ్ళనీ వెంటబెట్టుకుని సంఘం అరుగు ఎక్కింది.

"మమ్మల్ని కూడా సంఘంలో చేర్చుకోండి దేవదానంగారూ. మాకూ వంతు కావాలండీ."

అరుగు మీద మగవాళ్ళు నవ్వారు. రామకోటి తల దించుకున్నాడు. దేవదానం నవ్వలేదు గానీ, మెల్లగా అన్నాడు.

"ఇది బార్జీ కార్మికుల సంఘం తల్లీ. మీరు బార్జీ ఎక్కరు కదా."

"ఎక్కమండీ. కానీ మేం కుట్టని బస్తా కూడా బార్జీ ఎక్కదండి" అంది వెంకటనరసమ్మ.

ఆ మాటకి అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. అయినా ఆడవాళ్ళని చేర్చుకోలేదు. దారిలో రామకోటి, "అందరి ముందూ అంత మాటనాలా?" అన్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరిగానే నడిచాయి.

*

తర్వాతి ఏడాదే సమ్మె వచ్చింది. వంతు ఎత్తేస్తామన్నారు కంట్రాక్టర్లు. బయటి బార్జీలు తెప్పించుకుంటాం, ఇష్టమైన జట్టుని పెట్టుకుంటాం అన్నారు. సంఘం బార్జీలన్నీ ఒక్క పొద్దున పని ఆపేశాయి. బయటివాళ్ళు వచ్చి స్వాధీనం చేసుకుంటారని కళాసీలు బార్జీలు దిగలేదు. సముద్రంలో, ఓడకి కొంచెం ఇవతల, వరసగా లంగరు దించి ఒక్కో బార్జీ మీద ఒక ఎర్రజెండా కట్టారు.

జెట్టీ మీంచి చూస్తే జెండాలు కుంకుమ చుక్కల్లా కనబడేవి. ఏ చుక్క రామకోటి బార్జీయో తెలిసేది కాదు. వెంకటనరసమ్మ పొద్దున్నే వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. ఒకసారి ఎడమ చివరదే అనిపించేది. ఇంకోసారి మధ్యది అనిపించేది. అలిగి ముక్తసరిగా మాట్లాడిన రోజులన్నీ గుర్తొచ్చేవి.

నాలుగు రోజులు పోయాక బయటి బార్జీలు వచ్చాయి. తాతారావు మేస్త్రీ జగన్నాథపురం పాకల దగ్గరికి స్వయంగా వచ్చాడు. ఇంతకు ముందెప్పుడూ లేనంత మర్యాదగా మాట్లాడాడు.

"సమ్మె సంఘం వాళ్ళదమ్మా. మీరు సంఘంలో లేరుగా. మిమ్మల్ని వాళ్ళు చేర్చుకోను కూడా లేదు. రేపొద్దున పనిలోకి రండి. ఇకమీదట మీ అందరికీ రోజూ పని. నాదే పూచీ."

అతను వెళ్ళాక ఆడవాళ్ళు ఏంజెల్ పాక ముందర చేరారు. అన్నది నిజమేగా అన్నారు కొందరు. అరుగు మీద మనల్ని చూసి నవ్వారుగా అన్నారు. మణి చంటిపిల్లని ఎత్తుకుని ఓ మూల నిలబడింది. ఏంజెల్ కూడా ఎటూ తేల్చుకోలేకపోయింది. ఇంట్లో పొయ్యి వెలిగి రెండు రోజులైంది మరి.

"నరసమ్మా, నువ్వేమంటావే?"

"మగోళ్ళు చేర్చుకోలేదన్న కోపం నాకూ ఉందే" అంది వెంకటనరసమ్మ. "కానీ ఆళ్ళ వంతు పోయాక మనకి వంతు ఎవడిత్తాడే? రేపు పనిలోకెళ్దాం. జెట్టీ మీదకి పోదాం. దబ్బనం మాత్రం ముట్టొద్దు. ఊరికే కూచుందాం."

మర్నాడు గేటు తీశారు. ఆడవాళ్ళంతా లోపలికి వెళ్ళి, చిరిగిన బస్తాల పక్కన బారుగా కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. తాతారావు ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు. హమాలీలు తెచ్చి పడేస్తున్న బస్తాలు చిరుగుల్లోంచి బియ్యం కారుస్తున్నాయి. మధ్యాహ్నానికి జెట్టీ మీద బియ్యం మోకాలి ఎత్తు పోగైంది. ఊళ్ళోంచి ఇంకెవరినైనా తెద్దామని మనుషుల్ని పంపితే ఒక్క ఆడదీ రాలేదు. కుట్టకుండానే ఒక బార్జీ నింపి పంపారు. ఓడ మీది ఆఫీసరు ఆ బస్తాలు చూసి, ఎక్కించొద్దని వెనక్కి తిప్పి పంపాడు. ఆ బార్జీ తిరిగి రావడం చూసి ఆడవాళ్ళు అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. ఏంజెల్ మాత్రం వెంకటనరసమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

అంత పెద్ద ఓడ. నల్లగా, కొండలా ఉండేది. అది ఆ రోజు వీళ్ళు కూర్చున్నందుకు ఆగిపోయింది.

బార్జీల మీద తిండి అయిపోయిందన్న కబురు ఆ సాయంత్రమే వచ్చింది. అన్నం చేరవేసే పడవవాళ్ళని కంట్రాక్టరు మనుషులు బెదిరించారట. ఎవరూ పడవ తియ్యడం లేదు. వెంకటనరసమ్మ తెల్లవారి లేచి, ఇంటింటికీ తిరిగి అన్నం, మజ్జిగ, ఎండుచేపల పులుసు పోగు చేసింది. ఉప్పుటేట్లో కట్టేసి ఉన్న ఒక చిన్న పడవ యజమానిని అడిగి, గడ చేతిలోకి తీసుకుంది.

"నీకు సముద్రం అంటే భయమన్నావుగా?" అంది ఏంజెల్.

"ఇప్పుడూ భయమే. ఎక్కు."

హోప్ ఐలాండు అనే దీవి అడ్డం ఉండడం వల్ల అక్కడ అలలు తక్కువ. చాలా దూరం దాకా గడకి నేల తగులుతుంది. తగలని చోట ఏంజెల్, ఇంకో ఇద్దరూ తెడ్లు వేశారు. ఎండ చుర్రుమనే వేళకి మొదటి జెండా చేరారు. ఒక్కో బార్జీకీ అన్నం అందిస్తూ వెళ్ళారు. రామకోటి ఉన్నది చివరి బార్జీ. ఎడమ చివరదీ కాదు, మధ్యదీ కాదు. గడ్డం మాసిపోయి, బార్జీ అంచున నిలబడి ఉన్నాడు. పడవ నడుపుతున్నది ఎవరో గుర్తుపట్టి కిందకి వంగాడు.

"క్యారేజీ అందుకో మావా. చెయ్యి లాగేత్తంది" అంది.

అందుకున్నాడు. అప్పుడు దేవదానం పక్క బార్జీ మీంచి చూస్తున్నాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, వాళ్ళ పడవ వెనక్కి తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు.

వారం దాటాక కంట్రాక్టర్లు దిగొచ్చారు. వంతు నిలబడింది. ఆ తర్వాతి సమావేశంలో దేవదానం ఆడవాళ్ళని పిలిచి అరుగు మీద ముందు వరసలో కూర్చోబెట్టాడు. బస్తాలు కుట్టేవాళ్ళు కూడా సంఘంలో సభ్యులే అని అందరి ముందూ ప్రకటించాడు. ఆడవాళ్ళకి వంతు వచ్చింది. ముందు పిలుపు మణికే వచ్చింది.

*

తర్వాత చాలా ఏళ్ళు అలా నడిచాయి. వెంకటనరసమ్మ బతుకులో మంచి రోజులేవని అడిగితే అవే. రోజూ ఒళ్ళు హూనమయ్యేది, అయినా సాయంత్రం జెట్టీ దిగి వస్తుంటే పదిమంది పేరు పెట్టి పలకరించేవారు. కొల్లేరు కళ్ళల్లో పొంగడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు.

పక్కనే డీప్ వాటరు రేవు వచ్చింది. యాంకరేజికి ఓడలు తగ్గాయి. కుట్టు మిషన్లు వచ్చాయి. పోయినవాళ్ళ చోట్లో కొత్తవాళ్ళని తీసుకోలేదు. దేవదానం కన్నుమూశాడు. రామకోటికి కామెర్లు ముదిరి గవర్నమెంటు ఆసుపత్రిలో పడ్డాడు. అతని మంచం పక్కన ఆమె ఉన్న రోజుల్లోనే, దగ్గు ఎక్కువైన ఏంజెల్‌ని పిల్లలు తీసుకెళ్ళిపోయారని ఎవరో చెప్పారు. ఎక్కడికో సరిగ్గా తెలియలేదు. రామకోటి పోయాడు. అతని అస్థికలు ఆ సముద్రంలోనే కలిపారు.

శ్రీదుర్గ తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చింది. ముందు కొల్లేటి లంకలో తమ్ముడి ఇంట్లో ఉంటానంది వెంకటనరసమ్మ. ఉండలేకపోయింది. దోనెలు తిరిగిన చోట బైకులు తిరుగుతున్నాయి. చేపల చెరువుల గట్ల మీద మోటార్లు రొద పెడుతున్నాయి. పిలిచి పలకరించే మనిషి లేడు. నెల తిరక్కుండానే తాడేపల్లిగూడెం వచ్చేసింది.

*

పోయిన కార్తీకంలో గోపీచంద్ తనే అన్నాడు.

"అత్తయ్యగారూ, ఒకసారి కాకినాడ వెళ్ళొద్దామండీ. చూసొస్తే మీ మనసు కుదుటపడుతుంది."

రైలెక్కి వెళ్ళారు. పోర్టు గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న సెక్యూరిటీ అతను మర్యాదగానే ఆపాడు. "పాసు లేకుండా లోపలికి పంపకూడదండీ మామ్మగారూ. రూల్సు మారిపోయాయండీ." ఇరవై ఏళ్ళకి పైగా నడిచి వెళ్ళిన గేటు. వెంకటనరసమ్మ వాదించలేదు. ఇనప కమ్మీల మధ్య నుంచి చూస్తే గోడౌను గోడ తప్ప ఏమీ కనబడలేదు. గాలి మాత్రం వచ్చి ముఖానికి కొట్టింది. పచ్చి గోనె వాసన, డీజిలు, ఉప్పు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చుకుంటూ ఉండిపోయింది. గోపీచంద్ పక్కకి వెళ్ళి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

సంఘం ఇల్లు ఇప్పుడు డాబా. లోపల బల్ల ముందు కూర్చున్న నడివయసు మనిషి లేచి వచ్చింది. పేరు వీరదుర్గ. సంఘం జాయింట్ సెక్రటరీ. మిషన్ కుట్టు పని చేస్తుంది.

"పడవేసుకుని అన్నం తీసుకెళ్ళిన నరసమ్మగారా మీరు?" అని చేతులు పట్టేసుకుంది. "మా అమ్మ చెప్పేదండీ. కూచోండి, కూచోండి. ఇప్పుడు మేమంతా కంట్రాక్టు కిందేనండీ. వంతు కాగితం మీద ఉంది, పిలిచేది మళ్ళీ సూపర్‌వైజరే. పోయినేడు మేమూ కూచున్నాం. ఓడ ఆగలేదు. పక్క రేవుకి పోయింది."

వెంకటనరసమ్మ వీరదుర్గ భుజం నిమిరింది. "మళ్ళీ కూచోండి" అనబోయి, ఊరు విడిచిపోయిన తనకి ఆ మాట అనే హక్కు ఉందో లేదోనని ఆగిపోయింది.

తనిప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నట్టు చెప్పి, "ఏంజెల్ ఎక్కడుందో తెలుసా అమ్మా?" అని అడిగింది.

"తెలియకపోవడమేంటండీ, మీ దగ్గర్లోనేగా! భీమడోలులో కూతురింట్లో ఉంటారు. స్టేషను పక్క సందులోనేనంట."

భీమడోలు. తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో కొద్ది దూరం. ఏలూరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆ స్టేషను మీంచే వెళ్ళింది.

*

ఆ ఆదివారమే ఒంటరిగా బయలుదేరింది. శ్రీదుర్గ వద్దంటున్నా వినలేదు. భీమడోలు స్టేషను పక్క సందులో అడిగితే ఇల్లు చూపించారు. చర్చి నుంచి అప్పుడే వచ్చి, తెల్లచీరతో వాకిట్లో కుర్చీ మీద కూర్చుని ఉంది ఏంజెల్. బాగా చిక్కిపోయింది. ఎవరా అన్నట్టు తలెత్తి చూసి, "ఒసే!" అంది. అంతే. మిగతా మాట దగ్గులో కలిసిపోయింది.

దగ్గు తగ్గాక ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఏంజెల్ కూతురు టీ ఇచ్చి వెళ్ళింది. వెంకటనరసమ్మ గేటు దాకా వెళ్ళొచ్చిన సంగతి చెప్పింది. గాలి ముఖానికి కొట్టిన సంగతి చెప్పింది.

"ఆ వాసన తలుచుకుంటేనే నాకు ఊపిరాడదే" అంది ఏంజెల్. "ఆ దుమ్మే నా ఊపిరితిత్తుల్ని తినేసింది. నేనెందుకు తలుచుకుంటాను? ఇక్కడ పొద్దున లేస్తే పనికి రమ్మని ఎవరూ ఈల వెయ్యరు, ఎవరూ పిలవరు. హాయిగా ఉంది నాకు."

వెంకటనరసమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఏంజెల్ కూడా తనలాగే ఎక్కడో కూర్చుని బెంగపడుతూ ఉంటుందనుకుంది.

"వాసన కోసం కాదే నా బెంగ" అంది చివరికి. "అప్పుడు మనం కూచుంటే ఓడ ఆగేది. ఇప్పుడు నేను కూచున్నా, లేచినా, ఏదీ ఆగదు, ఏదీ కదలదు."

"అక్కడున్నన్నాళ్ళూ కొల్లేరు కొల్లేరని ఏడ్చావు. కొల్లేటి పక్కకొచ్చి రేవు రేవని ఏడుత్తన్నావు. నిన్ను ఎక్కడ పెట్టాలే?" అని ఏంజెల్ నవ్వింది. వెంకటనరసమ్మ కూడా నవ్వేసింది. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి.

ఏంజెల్ గొంతు తగ్గించి అడిగింది.

"రామకోటన్న చెప్పుల సంగతి నీకు చెప్పానా?"

"ఏం చెప్పులే?"

"జెట్టీ దిగొచ్చేటప్పుడు ఆయన జట్టుతో ముందు నడిచేవోడు కదా. నువ్వు కబుర్లాడుకుంటూ వెనకపడేదానివి. ఆగితే పక్కోళ్ళు నవ్వుతారని, చెప్పు తెగినట్టు వంగి కూచునేవోడు. ఆ పట్టీ ఇటు లాగి అటు లాగి, నువ్వు దగ్గరికొచ్చేదాకా లేచేవోడు కాదు. నేను ఒకసారి అడిగేశాను, రోజూ తెగుతుందేంటన్నా అని. చెప్పకమ్మా అన్నాడు. అందుకే చెప్పలేదు."

దారి మధ్యలో వంగి కూర్చున్న ఆయన వీపు వెంకటనరసమ్మ కళ్ళ ముందు కనబడింది.

"కొత్త చెప్పులు కొనుక్కోవేంటయ్యా అని సణిగేదాన్ని" అంది మెల్లగా. "ఏళ్ళ తరబడి సణిగాను."

"తెలుసు. నేనూ వింటూనే ఉండేదాన్ని."

"ఏమనేవాడు?"

"ఏమీ అనేవోడు కాదే. నువ్వు సణుగుతుంటే పక్కనే నడిచేవోడు."

సాయంత్రం పాసింజరు వేళకి ఏంజెల్ కూతురు స్టేషనుకి తోడొచ్చి రైలెక్కించింది. మళ్ళీ ఆదివారం రమ్మంది. వస్తానంది వెంకటనరసమ్మ. కిటికీ పక్కన చోటు దొరికింది. పుల్ల స్టేషను దాటాక పొలాల మీద ఎండ పసుపుపచ్చగా పరుచుకుంది. కోతలకొచ్చిన వరి ఒక వైపుకి వాలి ఉంది.

గూడెం స్టేషనులో శ్రీదుర్గ, హారిక వచ్చి నిలబడ్డారు. ఆటో మాట్లాడతానంటే వద్దంది.

"నడిచెళ్దామే. మీరు ముందు నడవండి."

"మోకాళ్ళు నొప్పెడతాయమ్మా."

"పెట్టనీ. మీరు నడవండి, నేనొత్తాను."

వాళ్ళు ముందు నడిచారు. ఉల్లిపాయల బస్తాలు దింపుతున్న లారీల పక్క నుంచి, జనం మధ్య నుంచి, ఆవిడ ఒక్కతే తీరుబాటుగా, కావాలని వెనకపడి, వస్తోంది.